మొగ్గలు ఇచ్చుకునే యాళ్ల

నాంపల్లి కోర్టులో నా కుర్చీకి ఒక కాలు పొట్టి.
సాక్షి తెలుగు చెవిలో పడాలి,
ఇంగ్లీషై నా నోట్లోంచి రావాలి.
పంతొమ్మిదేళ్లుగా అదే పని.
కత్తిపోట్లు అనువదించాను,
తప్పిపోయిన గొర్రెలను అనువదించాను,
ఒకసారి ఒక దగ్గును కూడా.

ఆ రోజు బోనులో బుచ్చవ్వ.
పురానాపూల్ మీద పూలమ్ముతుంది.
ఎన్నింటికి చూశావు?
"గంటలు నాకెర్క లేదు సారూ.
మల్లెమొగ్గలు ఇచ్చుకునే యాళ్ల."

జడ్జిగారు నా వైపు చూశారు.
స్టెనో ఖలీల్ సాబ్ వేళ్లు గాల్లో ఆగాయి.
డస్క్ అన్నాను.

వకీలు విఠల్‌రావు లేచాడు.
డిక్షనరీ ఇంటినుంచే తెచ్చుకున్నాడు,
పేజీలో బస్ టికెట్టు పెట్టి మరీ.
"డస్క్ అంటే వెలుగు పోయాక.
ట్విలైట్ అంటే వెలుగు పోతుండగా.
ఏదో ఒకటి తేలాలి.
మొఖం కనిపించిందా లేదా,
ఆ మాట మీదుంది నా క్లయింటు బతుకు."

నిజమే. నాకు తెలియని సంగతి కాదు.
డస్క్ మొదట్లో ఒక రంగు,
చామనచాయకి ఇంకాస్త అవతలి నలుపు.
రానురాను అదొక వేళయి కూర్చుంది.
ట్విలైట్‌లో రెండు అనే అంకె దాక్కుంది,
ఏ రెండో ఎవరూ గట్టిగా చెప్పరు.
రిటైరయ్యే క్రికెటర్‌కి ట్విలైట్ ఉంటుంది,
డస్క్ ఉండదు.
గ్లోమింగ్ అని ఇంకోటి, చలిదేశపు మాట,
ఆరబోయే నిప్పుకి చుట్టమట.
నాంపల్లిలో అంటే
ఎవరో కూనిరాగం తీస్తున్నారనుకుంటారు.
ఖగోళం వాళ్లకైతే మూడు ట్విలైట్లు.
పొద్దు గీత కింద ఆరు డిగ్రీలు దిగేదాకా సివిల్.
క్రిమినల్ కోర్టులో సివిల్ ట్విలైట్, అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

"ఝుట్‌పుటా అని రాయనా?"
ఖలీల్ సాబ్ గొంతు తగ్గించి అడిగాడు.
నా దగ్గరా ఉన్నాయి,
సందె, మునిమాపు, మసక,
మా అమ్మమ్మ అసురసంధ్య.
ఆ వేళ పడుకుంటే వీపు మీద ఒక్కటి పడేది.
అవేవీ ఫైలులో పట్టవు.

మళ్లీ అడగమన్నారు.
అవ్వా, వెలుగా, చీకటా?
బుచ్చవ్వ నన్ను జాలిగా చూసింది.

"రెండూ గాదు బిడ్డా.
మొగ్గ గట్టిగుండి వాసన రాకుంటె ఇంకా పగలే.
గుప్పున వాసనొచ్చిందా, రాత్రి.
గా నడుమ, దారం కంటికి ఆనది,
ఏలికి దొరుకుతది.
గప్పుడు చూసిన.
మొకం ఆనలే. నడక ఆనింది.
ఎడమకాలు ఈడ్సుకుంట పోయిండు."

ముద్దాయి అంతసేపూ నిలబడే ఉన్నాడు.
నడవమని ఎవరూ అనలేదు.
విఠల్‌రావు కూర్చున్నాడు.
బస్ టికెట్టు కింద పడింది.

ఫైలులోకి వెళ్లింది: ఈవెనింగ్.
నేనే చెప్పాను.
నాలుగు నుంచి తొమ్మిదిదాకా
ఎవరికి తొడిగినా పట్టే చొక్కా అది.
దారమూ వేలూ ఏ కాగితంలోనూ లేవు.

వారం తర్వాత పురానాపూల్ మీంచి వస్తున్నాను.
దీపాలు ఇంకా వేయలేదు.
కింద మూసీ ఉందని ముక్కు చెబుతోంది, కన్ను చెప్పడం లేదు.
గంపల వరసలోంచి ఒక గొంతు:
"కోర్టు సారు గదా?"
మొఖం ఎలా పోల్చావవ్వా?
"మొకమెవడు చూసిండు.
ఒక పక్కకొరిగి నడుస్తవు."

నా కుర్చీ గుర్తొచ్చింది. ఏమీ అనలేదు.

మోచేతితో కొలిచి మూర ఇచ్చింది,
పైన బెత్తెడు కలిపింది.
నొక్కి చూశాను. మొగ్గలు గట్టిగానే ఉన్నాయి.
మెహదీపట్నం బస్సులో
ఒళ్లో ఆకుపొట్లం పెట్టుకుని
ఈసారి కనిపెట్టాలనే కూర్చున్నాను.

కార్వాన్ దాటకముందో, దాటాకో,
పక్కసీటు పిల్లాడు టికెట్టుకి చిల్లర అడిగాడు.
జేబులు తడుముకుని తలెత్తేసరికి
బస్సంతా వాసన.