మేకు మీద యాభై ఏడు

ఈ యార్డులో నా పని వినడం.
సుత్తితో ఒక్క దెబ్బ.
ఖంగుమంటే గట్టిది,
ఏ ధాన్యపు గిడ్డంగి పక్కదారిలోనో
ఇంకో పదేళ్ళు బరువు మోస్తుంది.
దబ్బుమంటే లోపల డొల్ల.
వీపు మీద సుద్దగీత పెడతాను.
గీత పడిందంటే ఇక బాయిలరుకే.

సస్కాచెవాన్‌లో ఏప్రిల్ అంటే
మంచు సగం వదిలిన బురద.
హాల్‌బ్రైట్ కొమ్మలైను ఊడదీశారు.
పట్టాలు ముందే పోయాయి,
ఇనుముకి ఎప్పుడూ గిరాకీయే.
మిగిలినవి ఇవి, పద్దెనిమిది వేల స్లీపర్లు.
బతుకంతా కన్ను మూయని వాటికి
ఎవడు పెట్టాడో ఆ పేరు!

తారునూనె తాగించి పాతిన చెక్క.
చెద ముట్టదు, బూజు ముట్టదు.
ఇన్నేళ్ళయినా జూలై ఎండకి
నల్లగా చెమటోడుస్తుంది.
చావు రాకుండా మందు పోశాం,
ఇప్పుడు చంపబోతే మా చావుకొచ్చింది.

ఆరుబయట తగలబెట్టకూడదు.
గొయ్యి తీసి పాతకూడదు,
బావి దాకా నడిచి వెళ్తుంది.
పొమ్మనలేక పొగబెట్టడం కాదిది,
ఇక్కడ పొగని కూడా ఊరికే పొమ్మనలేం.
వెయ్యి డిగ్రీల్లో విరగాలి,
కడిగించుకోవాలి, వడకట్టించుకోవాలి,
అప్పుడు గొట్టం ఎక్కాలి.

మధ్యాహ్నం ఓరెస్ట్ హవ్రిలుక్ వచ్చాడు.
పికప్పు వెనక తొమ్మిది,
బీట్‌రూట్ మడుల చుట్టూ పేర్చుకున్నవి.
తూకం చీటీ చూసి కళ్ళద్దాలు పైకి తోశాడు.
"కంపెనీ నాకు వీటిని డాలరుకొకటి అమ్మింది.
వదిలించుకోవడానికి పదకొండా?"
వేళ్ళ మీద లెక్క కట్టాడు.
మళ్ళీ కట్టాడు.
తగ్గలేదు.

"ముప్పై ఏళ్ళు ఆ మడుల్లో దుంపలు తిన్నాం,
మాకేమైంది?"
నేనేమీ అనలేదు.
కాసేపు టైరుని తన్నుతూ నిలబడి
అతనే అన్నాడు:
"మునిమనవరాలికి ఇప్పుడిప్పుడే అడుగులు.
నిన్న ఆ అంచు పట్టుకుని లేచింది.
అరచెయ్యి చూస్తే నల్లగా."

తొడుగులు ఇస్తే నవ్వాడు.
గ్యాంగులో పనిచేసిన రోజుల్లో
తారు తగిలిన చోట ఎండ పడితే
చర్మం ఉల్లిపొరలా లేచేదట,
రాత్రికి మీగడ రాసుకుని
పొద్దున్నే మళ్ళీ భుజానికెత్తుకునే వాళ్ళట.
అప్పుడెవరూ తొడుగులు ఇవ్వలేదు.
అయినా వేసుకున్నాడు.

సుత్తి తీశాను.
దబ్బు. దబ్బు. దబ్బు.
ఎనిమిదీ అంతే.
తొమ్మిదోది మోగింది,
యార్డు చివర పని చేసే డెల్ఫిన్ తల తిప్పి చూసేంతగా.
ఓరెస్ట్ మొహం వెలిగింది.
చెప్పక తప్పలేదు:
తోటకి పోయింది పట్టాల కిందికి తిరిగి రాదు.
నియమం.
గట్టిదాని మీద గీత గీయడం
ఆ రోజు నాకదే మొదలు.

"మేకైనా ఇవ్వవా?"
తల మీద ఏడాది అచ్చేసిన మేకు,
యాభై ఏడు.
ఎలాగూ ముక్కలు చేశాక
అయస్కాంతం ఏరుకునేదే.
పీకి, తారు గీకి, కడిగి,
గుడ్డలో చుట్టి ఇచ్చాను.
ఆ ఏడు ఏం జరిగిందని అడిగాను.
చాలాసేపు ఆలోచించాడు.
"గుర్తులేదు. దోమలు ఎక్కువ."

కాలినా అయిపోదు.
శుక్రవారం బూడిద తిరిగొస్తుంది, మూత బిగించిన పీపాల్లో.
కలపడానికి నది లేదు దీనికి.
ప్లాస్టిక్ పరిచిన గొయ్యి,
అది కారుతుందేమో చూసే నాలుగు బావులు,
ఆ బావుల్ని చూసే కాగితాలు,
కాగితాల మీద నా సంతకం.

ఇంటికెళ్ళినా చెవి ఊరుకోదు.
గుమ్మాన్ని, భోజనాల బల్లని
వేలి కణుపుతో కొట్టి వింటాను.
ఒక్కోసారి మోకాలిని.

జూన్‌లో వాళ్ళ వీధిన వెళ్ళాను.
అడుగు లోతు మట్టి ఎత్తేశారు,
ఈ ఏడు దుంపల్లేవు.
ఓరెస్ట్ కొత్త మట్టిలో వంగి ఉన్నాడు.
మేకుకి దారం కట్టి,
నేలలో గుచ్చి,
మడికి గీత కొలుస్తున్నాడు.

కడిగిన మేకే.
అయినా,
చూడనట్టు బండి పోనిచ్చాను.