చేదు దిగిన గింజ

మా నాన్న కంటే ముందు ఆయన కోటు ఇంటికొచ్చేది.
కొరొనెల్ రేవులో చేపపిండి మిల్లు.
ఆయన వీధి మలుపులో ఉండగానే
అమ్మ కిటికీలు మూసి, తలుపు తీసేది.
ఒక బస్తా పిండికి నాలుగైదు బస్తాల ఆంచోవీ.
"నీళ్ళలో వెండి, సంచిలో బూడిద" అనేవాడు,
గోళ్ళ సందుల్లో ఆ బూడిదతోనే
రొట్టె విరుస్తూ.

ఇప్పుడు నేను చిలోయే దీవి పక్కన
నీటిమీద తేలే ఇనుప గదిలో కూర్చుంటాను.
పన్నెండు వల గుండాలు, పన్నెండు తెరలు.
మీట నొక్కితే గొట్టాల్లో గుళికలు
రేకుల కప్పు మీద వడగళ్ళలా పరిగెడతాయి.
ఎవరు తిన్నారు, ఎవరు వదిలేశారు, అదే నా పని.
పంక్తిలో వడ్డించేవాళ్ళ చూపు నాది,
వడ్డించే చెయ్యి మాత్రం యంత్రానిది.
వల బయట సముద్రసింహం ఒకటి
పిలవని చుట్టంలా తిరుగుతుంటుంది.

మార్చిలో కొత్త మేత దిగింది.
చేపపిండి సగానికి సగం కోసేసి
లూపిన్ పప్పు, బఠాణీ, గోధుమ జిగురు.
మూత విప్పితే చేప వాసన లేదు.
వాన పడ్డ పిండిమర వాసన.

మొదటి రోజు సాల్మన్లు ఉమ్మేశాయి.
తెరమీద చూశాను.
గుళిక లోపలికి, గుళిక బయటికి,
ఆపైన మెల్లగా, చాలా మెల్లగా అడుక్కి.
డబ్బు నీళ్ళపాలవడమంటే ఇదేనా అనుకున్నాను.
మేనేజరు ఫోన్లో నవ్వాడు:
"ఆకలేస్తే అవే తింటాయి."
ఆకలి రుచెరుగదనేది ఎప్పుడూ
కడుపు నిండినవాళ్ళే.

అప్పుడు మా మేనత్త దోమితిలా గుర్తొచ్చింది.
చోల్చోల్ వాగులో లూపిన్ గింజల మూట,
కొట్టుకుపోకుండా మీద ఒక బండరాయి.
రోజూ పొద్దున్నే మోకాలి లోతు చలిలో దిగి
ఒక గింజ కొరికేది.
ఉమ్మేది.
మూట మళ్ళీ కట్టి, రాయి మళ్ళీ పెట్టేది.
ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ఉమ్మేది కాదు.
ఆ రోజు మాకు భోజనం.

ఇక్కడ వాగు లేదు, యెర్కో ఉన్నాడు.
ల్యాబు కుర్రాడు, ఎప్పుడూ జలుబే.
తొక్క ఇంకా తీయించాడు, క్రిల్ పొడి చిటికెడు కలిపించాడు,
చచ్చిన చేపల కడుపు కోసి
పేగు ముక్కల్ని గాజు పలకల మీద పరిచాడు.
"సోయా ఎక్కువైన ఏడాది ఈ మడతలన్నీ వాచిపోయాయి.
ఇప్పుడు చూడు."
చూశాను. గులాబీ రంగు వేళ్ళు, పక్కపక్కనే, సన్నగా.
"వాపు లేదు" అన్నాడు,
అప్పుడే పుట్టిన బిడ్డ వేళ్ళు
లెక్కపెట్టుకున్నవాడిలా.

ఏప్రిల్ చివర, ఒక మబ్బు పొద్దున,
ఆరో గుండం ఉడికే ఎసరులా పైకి లేచింది.
తిన్నాయి.
నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.
కాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను.

నాన్న ఒకసారి పడవలో వచ్చాడు.
మిల్లు మూతపడి ఆరేళ్ళు.
వాసన పోయింది, దాంతోపాటు రెండొందల జీతాలు పోయాయి.
ఊరివాళ్ళు కిటికీలు తెరుచుకుని
ఏం వండుకోవాలో ఆలోచిస్తున్నారు.
ఆయన మేత సంచిలో చెయ్యి పెట్టి
ఒక గుళిక తీసి వాసన చూశాడు.
"ఇందులో మావాళ్ళు లేరే" అన్నాడు.
మావాళ్ళంటే ఆంచోవీలు.
"ఉన్నారు, కొంచెం" అన్నాను.

నేను ఆపేలోగా నోట్లో వేసుకున్నాడు.
నమిలాడు. కళ్ళు మూసుకున్నాడు.
ఆయన పదిహేనేళ్ళకు వదిలేసి వచ్చిన పొలం అది,
ఇప్పుడు దోమితిలా మనవలు
లారీలకెత్తి ఫ్యాక్టరీకి అమ్ముతున్న గింజ అది.
నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని పడలేదు.

"నాలుక చివర ఇంకా కొంచెం చేదుంది" అన్నాడు.
"ఇంకొక్క రోజు నాననివ్వాల్సింది."

ఉమ్మలేదు.

ఆ పూట పుస్తకంలో రాశాను:
ఆరో గుండం, మేత పూర్తి.
మిగులు, ఒక శాతం లోపే.