ఇరవై తేత్రీలు

మా లిఫ్టుకి నోరుంది.
ఇనప డబ్బా, దానికో సన్నని చీలిక.
ఇరవై తేత్రీల బిళ్ళ మింగితే తప్ప
తొమ్మిదో అంతస్తు ఒకటుందని ఒప్పుకోదు.
దిగడం ఉచితం.
ఎక్కడానికే ఖరీదు,
త్బిలిసీలో మిగతా అన్నిటికీ మల్లే.

ఒక మంచురోజున, కరెంటు పోయి నేను మెట్లెక్కుతుంటే
ఐదో అంతస్తు మలుపులో ఒకామె,
చంకలో బిడ్డ, మోచేతికి బంగాళాదుంపల సంచి,
గోడకి నుదురానించి నిలబడింది.
"కరెంటు ఇప్పుడే కదా పోయింది" అన్నాను.
"నాకు ముందునించీ లేదు, చిల్లర" అంది.
పెద్ద నోటు చూపించింది. నోటు తినదుగా అది.

మర్నాటినించి పనికి పోయేటప్పుడు
డబ్బా నెత్తిన రెండు బిళ్ళలు పెట్టి దిగుతాను.
చీటీ రాయలేదు.
రాస్తే ఎవరో ఒకరు చేతిరాత పోల్చుకుంటారు,
ఆపైన మెట్లమీద ఆగి దండాలందుకోవాలి.
నాకంత ఓపిక లేదు.

లమారాకి ఒక్కదానికే చెప్పాను,
బజార్లో నా పక్క కుట్టుమిషను తనది.
"పిచ్చిదానా, ఏ కుర్రకుంకో వాటితో
పొద్దుతిరుగుడు గింజలు కొనుక్కుంటాడు."
తెలుసన్నాను.
మూడో అంతస్తు వాడు. పేరు తెలీదు.
పొట్టు లిఫ్టులోనే ఊస్తాడు.

కొన్ని సాయంత్రాలు బిళ్ళలు అలాగే ఉంటాయి.
అప్పుడు, చెప్పొద్దూ,
కాస్త చిన్నబోతాను,
ఇవాళ ఎవరికీ నాతో పనిపడలేదని.

మొన్న ఫిబ్రవరిలో
ఓవర్‌కోట్ల గుట్ట తెమిలేసరికి రాత్రి పదకొండు.
మోకాలు తుప్పుపట్టిన తలుపులా మూలుగుతోంది.
జేబులో సూదుల పొట్లం, ఎవరివో రెండు గుండీలు.
చిల్లర లేదు.
డబ్బా మీద ఒక బిళ్ళ ఉంది,
పొద్దున నేను పెట్టిందే.

తీసుకోడానికి చెయ్యి రాలేదు.
ఇచ్చేశాను కదా,
అది ఎవరో ఒకరిదైపోయింది కదా.
ఆ ఎవరో ఒకరు నేనయ్యే వీలుందని
ఇన్నాళ్ళూ తట్టనే లేదు.
తలుపులు మూసుకున్నాయి, తెరుచుకున్నాయి.
అప్పడగడానికొచ్చి గుమ్మంలోనే
మాట మింగేసిన దానిలా నిలబడిపోయాను.

అప్పుడొచ్చాడు వాడు,
బుగ్గలో గింజలు, చెవుల్లో వైర్లు.
అలవాటైన చేత్తో బిళ్ళ తీసి
డబ్బా నోట్లో పడేశాడు.
"ఎన్నో అంతస్తండీ?"
"తొమ్మిది."
మూడు నొక్కి, తొమ్మిది నొక్కాడు.
దిగుతూ దిగుతూ వెనక్కి తిరిగి
పెద్దమనిషి తరహాలో అన్నాడు:
"పర్లేదు లెండి, మీదీ నేనే ఇచ్చేశాను."

మూడు నించి తొమ్మిది దాకా
మోకాలు పట్టుకుని ఒక్కదాన్నే నవ్వాను.
కాళ్ళ కింద పొట్టు కరకరలాడింది.

మర్నాడు మామూలుగా రెండు బిళ్ళలే పెట్టాను.
పొట్టు చెప్పుతో మూలకి తోశాను.
వాడికి ఎప్పుడో ఒకరోజు చెప్పాలి,
బిళ్ళ సంగతి కాదు,
పొట్టు సంగతి.