పదిహేడు వందల నలభై మీటర్లు

గ్యారేజీలో, మంచు పారకీ గొర్రెల దాణా బస్తాలకీ మధ్య
కొత్తగా దిగిన రోయింగ్ మెషిన్ చుట్టూ
తాతయ్య రెండుసార్లు తిరిగాడు,
బేరానికొచ్చిన పొట్టేలుని చూసినట్టు.
పీఠం జరిపాడు. గొలుసు లాగి వాసన చూశాడు.
"ఇది ఎక్కడికి పోతుంది, రన్వా?"
"ఎక్కడికీ పోదు తాతయ్యా."
"మరి లాగడం ఎందుకు?"

ఎందుకంటే
పొద్దున ఎనిమిది నుంచి నాలుగు దాకా
ఆరు తెరల ముందు కూర్చుని
ఫ్యోర్డులోని చేపల వలలకి మేత వేస్తాను నేను.
ఒక్క నొక్కు నొక్కితే రెండు లక్షల సాల్మన్లకి భోజనం.
నాకంటే అవే ఎక్కువ తిరుగుతాయి,
గుండ్రంగానే అయినా.
ఎందుకంటే మణికట్టు మీద గడియారం
లే, కాస్త లే, అని బతిమాలుతుంది,
కాఫీ దాకా నడిచి ఆ బాకీ తీర్చేస్తాను.
ఎందుకంటే జూలై పండుగలో పందెం ఉంది,
ఆడవాళ్ల ఆరు తెడ్ల పడవలో మూడో తెడ్డు నాది,
ముందున్న బెర్గ్‌ల్యోట్ వీపు తప్ప
నాకు ఇంకేమీ కనబడదు.
ఇవేవీ చెప్పలేదు.
"ఒంటికి మంచిదట" అన్నాను.

ఒంటికి!
తుప్పు పట్టిన గడియ తీసినట్టు నవ్వాడు.
ఎనభై ఏడేళ్లలో జకారిస్ అనే ఈ మనిషి
ఒంటి కోసమని ఒక్క అడుగు వేయలేదు.
ఎండుగడ్డి కోసం వేశాడు, తప్పిపోయిన గొర్రె కోసం వేశాడు,
నడుముకి తాడు కట్టుకుని
పక్షి గుడ్ల కోసం కొండ అంచున వేలాడాడు.
పొరుగావిడ నొప్పులు పడుతుంటే అర్ధరాత్రి
అవతలి ఒడ్డు నుంచి మంత్రసానిని తెచ్చాడు.
వెళ్లేటప్పుడు నలుగురు తెడ్డు వేశారు,
వచ్చేటప్పుడు ఐదుగురు,
చలికి ఆవిడ ఊరికే కూర్చోలేకపోయింది.
ఆ చేతులకి ఎవరూ పతకం ఇవ్వలేదు.
మోకాళ్లు మాత్రం అంతా లెక్క రాసుకుని
ఇప్పుడు మెట్టు మెట్టుకీ వసూలు చేస్తున్నాయి.
మా ఫారో దీవుల్ని సముద్రం అడుగున
సొరంగాలు కుట్టేశాక
అవతలి ఒడ్డు కారులో ఏడు నిమిషాలు.
ఊళ్లో అందరికంటే ముందు కారు కొన్నది
తాతయ్యే.

ఒక సాయంత్రం కోటైనా విప్పకుండా
పీఠం మీద కూర్చున్నాడు.
"దారికి వీపు పెట్టడం ఒక్కటీ సరిగ్గా చేశారు" అన్నాడు.
లాగాడు.
మా కోచ్ చెప్పే పద్ధతి కాదది;
పొట్టి, మొండి లాగుడు,
అల లేచేచోట ఆగి, దిగేచోట అందుకుని.
గ్యారేజీలో అల ఎక్కడిది?
కళ్లు మూసుకుని ఉన్నాడు.

"నాలుగొందలు" అని తెర చూసి చదివాను.
"చర్చి దాటాం."
"ఏడొందల యాభై."
"ఎడమకి ఉండు, మునిగిన బండ ఉంది."
నాకు తెలియకుండానే ఎడమకి ఒరిగాను.
వెయ్యి. పన్నెండొందలు.
పఫిన్ల గుట్ట కింద గాలి మారుతుందని
టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.
ఊపిరి బుసకొడుతోంది, ఇక చాలందామనుకున్నాను,
అనలేకపోయాను.
పదిహేడు వందల నలభై దగ్గర
పిడి వదిలేశాడు.
"ఇంకా రెండొందల అరవై ఉంది తాతయ్యా."
"లేదు.
ఇదే మీ నానమ్మ వాళ్ల రేవు.
తాడు అందుకోడానికి ఇక్కడే నిలబడేది."

జూలైలో ఐదు పడవల్లో మాది నాలుగో స్థానం.
ఐదో పడవకి తెడ్డు విరిగింది.
మర్నాడు సాల్మన్లకి మేత నొక్కుతుంటే
పగిలిన బొబ్బలు మౌస్‌కి తగిలి మండాయి,
రోజంతా ఆ మంటని ఎవరికీ తెలియకుండా దాచుకున్నాను,
బహుమతిలా.

తాతయ్య సాయంత్రాలు వస్తూనే ఉన్నాడు,
సొంత దిండు చంకన పెట్టుకుని.
రోజూ పదిహేడు వందల నలభైకే దిగిపోతాడు.
డాక్టరమ్మ మోకాళ్లు నొక్కి చూసి
వ్యాయామం ఏమైనా మొదలుపెట్టావా అని అడిగితే
"అబ్బే, అవతలి ఒడ్డుకి వెళ్లొస్తున్నా, అంతే" అన్నాడట.

తెర మీది అంకెని నేను సున్నా చేయను.
ఆయన దిగిన చోట ఎక్కి
మిగిలిన రెండొందల అరవై లాగుతాను.
ఆ రేవు దాటాక ఏముందో
నా వీపుకే తెలియాలి.