ఇతరములు

రాయికి నూట ఎనభై రూపాయలు మాకు.
నాలుగు వైపులా ఫోటోలు, కొలతలు సెంటీమీటర్లలో,
అక్షాంశం, రేఖాంశం, ప్రస్తుత స్థితి.
రాయి కనబడకపోతే తొంభై.

చిత్తూరులో అయిదున్నర బస్సు, పలమనేరులో ఆటో.
టేపు పట్టుకునే పిల్లోడి పేరు ఢిల్లీబాబు.
మనం నింపేదంతా చివరికి చేరేది ఆ ఊరికేరా అంటే
"తిరపతి దాటి పోలేదు మేడం నేను" అని నవ్వాడు.
మా జిల్లాలో వీధికొకడుంటాడు ఆ పేరుతో.
ఎందుకో అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు.

పాత జాబితాలో ఈ ఊరికి పదకొండు వీరగల్లులు.
ఎవరో తాలూకా గుమాస్తా సిరాతో రాశాడు,
"ఊరికి ఈశాన్యమున, చింతచెట్టు చెంత" అని.
చింతచెట్టు లేదు.
ఈశాన్యం మాత్రం ఉంది.

ఒకటి కల్వర్టు కింద బోర్లా పడుకుని ఉంది.
ఒకటి పాలకేంద్రం మెట్టు:
క్యాన్లు మోసే పాదాల కింద
వీరుడి మొహం అద్దంలా నున్నబడింది.
గ్రానైటు గుంత దగ్గర జీపీఎస్
పచ్చటి నీళ్ళ నడిమధ్య చుక్క పెట్టి
ఇక్కడే, ఇక్కడే అంది.
మధ్యాహ్నానికి దొరికినవి నాలుగు.
ఆరుసార్లు నొక్కాను, "కనబడలేదు".
నొక్కిన ప్రతిసారీ ఢిల్లీబాబు
టేపును చప్పుడు కాకుండా చుట్టేవాడు.

పదకొండోది కుప్పమ్మ కొట్టంలో.

కత్తి ఎత్తినవాడు, సిగ ముడిచినవాడు,
రొమ్మున మూడు బాణాలు,
కాళ్ళ దగ్గర బొటనవేలంత ఆవులు రెండు.
వాడి మెడకు కట్టేసిన పలుపు చివర
నిజం ఆవు, జెర్సీది, నెమరేస్తా ఉంది.
దాని చెవికి పసుపు బిళ్ళ, బిళ్ళ మీద పన్నెండు అంకెలు.
ఎప్పుడు ఈనిందో, ఏ సూది వేశారో
అంతా ఎక్కడో భద్రంగా ఉంది.
దాన్ని పట్టుకుని నిలబడ్డవాడికి
ఇవాళ్టిదాకా నెంబరు లేదు.

పేడ కడిగి, కాగితం తడిపి, రాతికి అతికించి,
బ్రష్షుతో తట్టి తట్టి సిరా అద్దితే
నల్లటి మధ్యలోంచి తెల్లగా లేచాయి అక్షరాలు.
మంద... అని ఒక చోట.
కింద, పొడిచి పడియె.
నడుమ పేరుండాల్సిన చోట ఒక నునుపు గాడి.
సరిగ్గా పలుపు రాసుకునే చోటు.

"ఎవరమ్మా ఈయన?"
"ఎవురో తెలీదు మా.
ఆవుల కోసరం సచ్చినోడంట.
ఈనిన ఆవు జున్నుపాలు ముందు ఈయప్పకే పోస్తాం."
నా కాగితం ఇంకా ఆరనేలేదు.

పలుపు వల్లే పేరు అరిగిందని చూపిస్తే
ఆమె కొంగుతో ఆ గాడిని తుడిచింది.
"పేరు పోతే పోయిందిలే.
పని ఇడిసిపెట్టినాడా?"

నష్టానికి కారణం:
వాన. ఎండ. వేర్లు. క్వారీ. దొంగతనం.
పలుపు లేదు.
ఇతరములు, అని నొక్కాను.
ప్రస్తుత వినియోగం:
పూజలో ఉన్నది, నిరుపయోగం, ఆక్రమణ.
ఒక్కటే ఎంచుకోవలెను.
ఆక్రమణ అంటే కుప్పమ్మకు నోటీసు వస్తుంది.
పూజ అంటే ఎవడో షెడ్డు కట్టి హుండీ పెడతాడు.
నిరుపయోగమా? ఆవు నా వైపు చూసింది.
మ్యూజియమునకు తరలించవచ్చునా,
అవును, కాదు.
ఎండ దిగిపోతూ ఉంది. వేలు గాల్లోనే ఉంది.
ఢిల్లీబాబు గ్లాసుతో మజ్జిగ తెచ్చాడు.

సిగ్నల్ లేదు ఆ ఊళ్ళో.
పంపవలసినవి, ఒకటి, అని చూపిస్తూ
నా ఒళ్ళో పలక బస్సెక్కింది.
బంగారుపాళ్యెం దగ్గర, మామిడి తోటల చీకట్లో,
అది దానంతటదే వెలిగి
పంపబడినది, అంది.

గోళ్ళలో సిరా పోలేదు.
వ్యాఖ్యలు, నూటయాభై అక్షరాలకు మించరాదు, అన్న చోట
నేను రాసింది ఇంతే:
రాయిని కదపవద్దు.
ఆవును కూడా.