ముక్కెరగని వసూలు

దుకాణం పేరు రాయమంది ఫారం.
ముప్పై ఒక్క ఏళ్ళుగా పేరు లేకుండానే కాల్చాను రొట్టెలు.
రియోని వంతెన దిగి పొగవాసన పట్టుకుని వస్తే
అదే నా దుకాణం.
జ్వియాద్ కీబోర్డు మీద పిండి ఊదేసి
"లామారా రొట్టె" అని కొట్టాడు.
ఉన్న ఇంటిపేరు చాలనట్టు ఇంకొకటి.

తర్వాత వేలిముద్ర అడిగింది.
బొటనవేలు పెట్టాను. కాదంది.
చూపుడువేలు. కాదంది.
కాలే గోడకి పిండిముద్దలు అతికించీ అతికించీ
గీతలన్నీ ఎప్పుడో పొయ్యి తినేసింది,
ఆ సంగతి దానికెవరు చెప్తారు?
చివరికి చిటికెనవేలు ఒప్పుకుంది,
ఇన్నాళ్ళూ ఏ పనీ చెయ్యనిది.
ఇప్పుడు కుతైసీ బ్యాంకుకి నేనంటే ఆ వేలే.

అరువు పుస్తకం తెరిచాం.
జ్వియాద్ తల పట్టుకున్నాడు.
పచ్చ గేటు, పన్నెండు.
కుంటి కుక్కావిడ, ఆరు, మొన్నటివి రెండు.
కవలల నాన్న, అడగొద్దు.
"అత్తా, అడగొద్దంటే ఎంత?"
అడగొద్దంటే అడగొద్దనే.
ఆ గడిలో అంకె తప్ప ఇంకేదీ పట్టదట.
సున్నా పెట్టాడు.
సున్నా వేరు, అడగొద్దు వేరు. ఊరుకున్నాను.

పరీక్షకని నా కార్డు నుంచి నా దుకాణానికే
ఒక రొట్టె డబ్బులు పంపాను.
అటు తిరిగి ఇటు వచ్చేసరికి
అంచు కొంచెం కొరికేసి ఉంది.
రుసుమట.

డబ్బు అందకపోతే ఏమనాలో ముందే రాసిపెట్టుకుంది:
"మీ చెల్లింపు విఫలమైంది. సేవ నిలిపివేయబడింది."
తెల్లారకుండా ఆ మాట ఎవరి గుమ్మంలో పడెయ్యను?
తీయించాను.
"ఈసారి కుదరలేదట. రొట్టె వస్తుంది" అని పెట్టమన్నాను.
నిలిపివేత మీట కూడా ఆపేయమన్నాను.
మరి ఈ వసూలెందుకని గొణిగాడు జ్వియాద్.
ముక్కుపిండి వసూలు చేసేవాళ్ళని చూశాను నేను,
వాడు పుట్టకముందు, కరెంటు లేని చలికాలాల్లో.
దీనికి పిండటం వచ్చు,
ముక్కు ఎక్కడుంటుందో తెలీదు.

ఒకటో తారీఖు. ఇంకా పిండి పొంగలేదు,
ఫోను ముప్పైసార్లు మోగింది.
ఎవరూ తలుపు తట్టలేదు,
నడుం నొప్పి తగ్గిందా అనలేదు.
డబ్బు మాత్రం వచ్చింది,
చలిలో వచ్చినవాళ్ళు చేతులు కాచుకోకుండానే వెళ్ళినట్టు.

ఒక్కటి రాలేదు. సగం రొట్టె మాస్టారిది.
ఏడింటికి గురామ్ మాస్టారే వచ్చారు,
కోటు గుండీలు ఎడాపెడా పెట్టుకుని.
"నలభై ఏళ్ళు లెక్కలు చెప్పాను.
కుదరకపోవడమేమిటి?"
నెలకు సరిపడా చిల్లర బల్లమీద దొంతులు పెట్టి,
మళ్ళీ లెక్కపెట్టి,
సగం రొట్టె చంకన పెట్టుకుని వెళ్ళారు.

మధ్యాహ్నం యంత్రం ఇంకోసారి ప్రయత్నించింది.
దానికి మొహమాటం లేదు, మూడుసార్లు అడుగుతుంది.
అప్పుడే పింఛను పడిందేమో,
దొరికింది, లాగేసుకుంది.

తిరిగి పంపే మీట ఉందన్నాడు జ్వియాద్.
ముందు మాస్టారికి ఫోను చేశాను.
అవతల చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత, పరీక్షలో చీటీ దొరికినప్పటి గొంతు:
"ఉండనీ. నువ్వు నాకు బాకీ పడటం
మళ్ళీ ఎప్పుడు చూస్తాను?
రోజూ వచ్చి అడుగుతాను."

అటక మీద పడేసిన పుస్తకం దించాను.
ఇన్నేళ్ళలో అందులో నా పేరు లేదు.
ఎలా రాయాలో కాసేపు తోచలేదు.
పొయ్యి దగ్గరావిడ, ముప్పై సగాలు,
అని రాసి
కింద బొటనవేలు వేశాను.
గీతల్లేని పిండిముద్ర.
పుస్తకం కాదనలేదు.