ఆరు పాయింట్ రెండు

వేంపల్లె దాటినాక పాపాఘ్ని గడ్డన
ఎండాకాలం నేల ఉప్పు కక్కేది.
గాలి లేవకముందే గీకాల,
లేచిందంటే తెలుపంతా ఎవరి చేన్లోనో పడతాదని
మా అవ్వ సుంకులమ్మ చీకట్లోనే
టెంకాయచిప్పతో తట్టకెత్తేది.

తట్టకు రెండు రూపాయలు.
మౌలాలప్ప బేరమాడేవాడు కాదు.
చిటికెడు నాలుక మీదేసుకొని
కండ్లు మూసుకొనేవాడు:
"ఇది దిన్నె కింది మన్ను.
నిన్నటిది గొడ్లదొడ్డి పక్కది. అది మేలు."

వేలూరులో ఏ సిద్ధవైద్యుని కాడ
పన్నెండేండ్లు బొగ్గులు ఊదినాడో,
ఆ చదువంతా తెలుగక్షరాల్లో అరవమాటలుగా
చింతపండు మరకల నోటుబుక్కులో ఉండేది.
మాకు మాత్రం పాఠం పొయ్యి కాడే.
పటిక అలిగిన దోసె మాదిరి పొంగేది.
కల్లుప్పు తిట్టేది.
నవాసాగరం చెప్పకుండా లేచిపోయి
మూత లోపల తెల్లగా దొరికేది.
సురేకారం చల్లితే
బొగ్గు ఒక్కసారి కన్ను తెరిచేది,
ఊదారంగు కన్ను.
"ఆ రంగు మర్చిపోవద్దు మ్మే" అనేవాడు.

కడప. పెద్దాసుపత్రి. నాలుగో మంచం.
డయాలసిస్ మిషను పక్కన నేను, గ్లవుజులతో.
ఆయన నన్ను పోల్చలేదు,
నేనే కేసుషీటులో పేరు చూసి పోల్చినాను.
చెయ్యి ఎండుకట్టె. రెండు సూదులు గుచ్చినాక
చీటీ చదివినాను:
పొటాషియం ఆరు పాయింట్ రెండు.
టెంకాయ నీళ్లు తాగినావా తాతా?

"అదేం ఉప్పు?"

చెప్పేదానికి ట్రైనింగులో ఒక మాట నేర్పినారు.
అది నోట్లోకి రాలేదు.
"సురేకారంలో ఉండేదే" అన్నాను.

"ఊదాదా!"
ఎవరో చుట్టం వచ్చినట్టు అన్నాడు.
తల తిప్పి పైపు దిక్కు చూసినాడు.
నేనూ చూసినాను.
ఎర్రగానే పోతా ఉంది.
ఇంక ఏమీ అడగలేదు,
నాలుకతో పై పెదవి తడుముకుంటా
నాలుగు గంటలూ పడుకున్నాడు.

డ్యూటీ బుక్కులో రాసినాను:
ఉప్పు వద్దు. పండ్లు వద్దు. నీళ్లు రెండు గ్లాసులు.

రాత్రి ఇంట్లో సంగటికి ఎసరు పెట్టబోతా
గ్యాసు మంట మీద
రెండు కల్లులు వేసి చూసినాను.
పసుప్పచ్చ.
తిట్టింది.
ఎసరు గిన్నె చేతిలోనే ఉంది,
ఇంకో రంగు కోసం
ఇంకాసేపు నిలబడినాను.